వేరుశనగ పొట్టు బ్రికెట్లు: బాయిలర్‌కు నచ్చాయి, కరపత్రం నాకు నచ్చలేదు

చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు పరిశ్రమలో బాయిలర్ ఇంధనం కొనుగోలు చూసే వ్యక్తిగా ఈ సమీక్ష రాస్తున్నాను. సమీక్షకు తీసుకున్న సరుకు అనంతపురం వైపు నుంచి మాకు లారీల్లో వచ్చే వేరుశనగ పొట్టు బ్రికెట్లు, అంటే పొట్టును గట్టిగా నొక్కి చేసిన ఇంధన దిమ్మలు. సరఫరాదారు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే మంచిచెడులు ఆ ఒక్కరివి కావు. కొంత ఆ సరుకు స్వభావం, కొంత దాని చుట్టూ అల్లుకున్న ప్రభుత్వ విధానం. బొగ్గు మానేసి వీటికి మారాలా వద్దా అని ఆలోచిస్తున్న చిన్న పరిశ్రమలవారికి ఉపయోగపడాలని నా ఉద్దేశం.

ముందు సరుకు సంగతి. 90 మిల్లీమీటర్ల వ్యాసంతో, రోకలి ముక్కల్లా ఉండే ఈ బ్రికెట్ల తయారీలో జిగురేమీ కలపరు. మెత్తగా చేసిన పొట్టును పిస్టన్ యంత్రం గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి అందులో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి, చల్లారాక తానే బంధకంగా పనిచేస్తుంది. మంచి బ్రికెట్ పైభాగం నల్లగా మాడినట్టు నిగనిగలాడుతుంది. విరిస్తే లోపల పొట్టు పొరలు పొరలుగా, పొడిగా కనిపిస్తుంది. చేత్తో తేలిగ్గా విరిగి పిండిలా రాలిపోతే తేమ ఎక్కువైందనో, యంత్రం ఒత్తిడి చాలలేదనో అనుకోవాలి. తోతాపురి సీజన్‌లో గుజ్జు వేడిచేయడానికీ స్టెరిలైజేషన్‌కూ ఆవిరి ఒత్తిడి నిలకడగా ఉండాలి. ఆ విషయంలో ఈ బ్రికెట్లు మమ్మల్ని నిరాశపరచలేదు. బొగ్గుకంటే త్వరగా అంటుకుంటాయి, త్వరగానే అయిపోతాయి కూడా. కాబట్టి కొలిమిలో ఒకేసారి ఎక్కువ వేయకుండా కొంచెం కొంచెంగా, తరచుగా వేసే పద్ధతికి ఆపరేటర్ అలవాటు పడాలి.

ధర చూసేటప్పుడు టన్నుకు ఎంత అని అడగడం కంటే వెయ్యి కిలో కేలరీలకు ఎంత పడుతోందో లెక్క వేయడం మంచిది. కల్తీ లేని వేరుశనగ పొట్టు బ్రికెట్ కిలోకు 4,000 కిలో కేలరీలకు అటూ ఇటూగా ఇస్తుంది. వరి ఊక బ్రికెట్ 3,000 దాటి కొంచెం పైకి వస్తుంది, అంతే. టన్ను 7,000 రూపాయలు అనుకుంటే మొదటి దానిలో వెయ్యి కిలో కేలరీలకు 1.75 రూపాయలు పడుతుంది. అదే ధరకు ఊక కలిసిన సరుకు కొంటే 2.30 దాకా పోతుంది. పైగా ఊకలో బూడిద దాదాపు ఐదో వంతు ఉంటుంది కాబట్టి, దాన్ని కొని, మోసి, కాల్చి, మళ్లీ ఎత్తి బయట పారబోయడానికి కూడా మనమే డబ్బు పెట్టుకోవాలి.

ఈ సరుకుతో ఉన్న అసలు చిక్కు ఇక్కడే ఉంది. బిల్లు మీద వేరుశనగ పొట్టు అని రాసి ఉన్నా, లోడుకూ లోడుకూ సరుకు మారుతుంది. కాయలతోపాటు వచ్చిన ఎర్రమట్టిని సరిగా జల్లించకుండా పొట్టులోనే ఉంచేస్తే, ఆ మట్టిలోని ఇసుకా పొట్టులోని పొటాషియమూ కొలిమి వేడికి కలిసి కరిగి, అడుగున గాలి కన్నాలుండే గ్రేటు మీద చిట్టెంలా గడ్డకడతాయి. ఒక లోడుతో మాకు అదే జరిగింది. గాలి వెళ్లే కన్నాలు పూడుకుపోయి, ఆవిరి ఒత్తిడి పడిపోయి, మధ్యలో మంట ఆర్పి గడ్డలను గడ్డపారతో పొడిచి తీయాల్సి వచ్చింది. ఆ పూట లైన్ మీద ఉన్న గుజ్జు ఏమైందో ఈ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. అప్పటినుంచి కాటా వేయించగానే దించుకోవడం మానేశాం. లారీ పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తలా కొన్ని తీసి పొడిచేసి, తూచి, పూర్తిగా కాల్చి, మిగిలిన బూడిదను మళ్లీ తూస్తున్నాం. వేరుశనగ పొట్టుకు బూడిద నూటికి ఐదారు మించితే అందులో మట్టో ఊకో ఉన్నట్టే లెక్క. వానలో తడిసిన బ్రికెట్ ఉబ్బి, విడిపోయి మళ్లీ పొట్టయిపోతుంది. మా సీజన్ నైరుతి వానలతో కలిసి వస్తుంది కనుక, పైకప్పున్న గోదాము లేనివారికి వీటిని నేను సిఫారసు చేయను. టార్పాలిన్‌తో సర్దుకుందామనుకుంటే మొదటి గాలివానకే నష్టం తెలుస్తుంది.

ఇక ఈ సరుకుతోపాటు అమ్మకందారు ఇచ్చిన కరపత్రం. అందులో రెండు మాటలు పెద్ద అక్షరాలతో ఉన్నాయి: కర్బన ఉద్గారాలు సున్నా, కేంద్ర ప్రభుత్వ విధానానికి అనుగుణం. ఈ రెంటినీ మా విదేశీ కొనుగోలుదారులకు చూపించవచ్చని అమ్మకందారు ప్రతినిధి చెప్పారు. చూపించేముందు లెక్క వేసి చూడాలనిపించింది.

వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన ప్రామాణిక గుణకాల ప్రకారం, ఒక గిగాజౌల్ వేడికి సబ్‌బిట్యుమినస్ అనే మధ్యరకం బొగ్గు 96.1 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తే, పంట వ్యర్థాల వంటి ఘన జీవ ఇంధనం 100 కిలోలు, కట్టె 112 కిలోలు విడుదల చేస్తాయి. టన్ను బ్రికెట్లు ఇచ్చే వేడి సుమారు 16.7 గిగాజౌల్స్. అంటే వాటిని కాల్చితే మా చిమ్నీలోంచి సుమారు 1,670 కిలోలు పోతాయి. అంతే వేడినిచ్చే బొగ్గు నుంచి దాదాపు 1,610 కిలోలు. చిమ్నీ దగ్గర కొలిస్తే సున్నా ఎక్కడా కనబడదు, పైగా బొగ్గు కంటే కాస్త ఎక్కువే కనబడుతుంది. సున్నా వచ్చేది లెక్కల పుస్తకంలో. జాతీయ ఉద్గారాల పట్టికల్లో జీవ ఇంధనం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధన రంగం కింద కలపరు, సమాచారం కోసం విడిగా చూపిస్తారు. చెట్టు నరికినా పంట కోసినా దాని ప్రభావాన్ని భూ వినియోగం, అటవీ రంగాల కింద చూపాలి కనుక, రెండుచోట్లా లెక్కవేయకుండా చేసిన ఏర్పాటిది. పరిశ్రమలు తమ ఉద్గారాలు ప్రకటించేటప్పుడు పాటించే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రొటోకాల్ కూడా ఈ అంకెను దాచమనదు, విడిగా రాయమంటుంది. కాల్చేటప్పుడు వెలువడే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మాత్రం మామూలు లెక్కలోనే కలపమంటుంది. కాబట్టి కొనుగోలుదారుకు పంపే పత్రంలో సున్నా అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే అది తప్పు పత్రమే.

అయితే వేరుశనగ పొట్టు విషయంలో ఆ సున్నాకు చాలావరకు న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఆ మొక్క నిరుడు గాలిలోంచి తీసుకున్న కర్బనమే ఇప్పుడు తిరిగి గాలిలోకి వెళుతోంది. పంట వేసేది పప్పు కోసం తప్ప పొట్టు కోసం కాదు. రవాణా మాటేమిటని చాలామంది అడుగుతారు. నేనూ అదే పెద్ద లోపం అవుతుందనుకుని లెక్క మొదలుపెట్టాను. కదిరి వైపు నుంచి 15 టన్నుల లోడుతో రానూపోనూ 320 కిలోమీటర్లు తిరిగే లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 80 లీటర్ల డీజిల్ కాలుతుంది. లీటరుకు 2.68 కిలోల చొప్పున, టన్ను సరుకుకు పడేది 14 కిలోలే. యంత్రానికి టన్నుకు 70 యూనిట్ల కరెంటు పడుతుందనుకున్నా మరో 50 కిలోలు. అంతా కలిపి బొగ్గు ఉద్గారాల్లో నూటికి నాలుగు. లారీ దూరం గురించి వాదించుకోవడం కంటే లారీలో ఏముందో చూసుకోవడం ముఖ్యం.

ఎందుకంటే పొట్టు దొరకని నెలల్లో కొందరు తయారీదారులు రంపపు పొట్టు, ముక్కలు చేసిన కట్టె కలుపుతారు. ఆ కట్టె సర్కారు తుమ్మదైతే నరికిన మోడు మళ్లీ త్వరగానే చిగురిస్తుంది, కొన్నేళ్లలో లెక్క సర్దుకుంటుంది. ముదురు చింతో వేపో వేళ్లతో సహా పోతే, ఆ చోట మళ్లీ నాటినా ఆ కర్బనం తిరిగి చెట్లలోకి చేరడానికి దశాబ్దాలు పడుతుంది. బిల్లు మీద మాత్రం రెండూ బయోమాస్ బ్రికెట్లే.

ఈ తేడాను పట్టుకోలేక పెద్ద దేశాల నిబంధనలు కూడా తడబడ్డాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2011 జులైలో జీవ ఇంధన కార్బన్ డయాక్సైడ్‌ను అనుమతుల నిబంధనల నుంచి మూడేళ్లపాటు పక్కన పెడితే, 2013లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఆ వాయిదాను కొట్టేసింది; 2018లో అదే సంస్థ నిర్వహణలో ఉన్న అడవుల కట్టెను కర్బన తటస్థంగా పరిగణిస్తామని ప్రకటించింది. పరిశ్రమలు ఉద్గారాల హక్కులను కొని అమ్ముకునే ఐరోపా సమాఖ్య విపణిలో జీవ ఇంధనానికి సున్నా గుణకం ఇస్తారు గానీ, సుస్థిరత ప్రమాణాలకు సరిపోయినట్టు రుజువు చూపితేనే ఇస్తారు. ఆ రుజువు అడిగే పద్ధతి నాకు నచ్చింది.

మన విధానం అడిగేది వేరు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో ప్రధానంగా పంట వ్యర్థాలతో చేసిన పెల్లెట్లను (బ్రికెట్ల కంటే చిన్న గుళికలను) కలిపి కాల్చాలని ఆదేశించింది. 2023 జూన్ సవరణలో 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అని గడువులు పెట్టింది. పంజాబ్, హరియాణాల్లో పొలాల్లో తగలబెట్టే వరి గడ్డికి గిరాకీ కల్పించడం దీని వెనకున్న ప్రధాన ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కానీ రాయలసీమలో వేరుశనగ పొట్టును పొలంలో తగలబెట్టేవారు లేరు. అది ఇటుక బట్టీలకో, కోళ్ల ఫారాలకో, మాలాంటి బాయిలర్లకో ఎప్పటినుంచో అమ్ముడుపోతూనే ఉంది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి ఉన్నాయి. పూర్తి సామర్థ్యంతో నడిచే ఒక్క 210 మెగావాట్ల యూనిట్ రోజుకు సుమారు 3,500 టన్నుల బొగ్గు తింటుందనుకుంటే, అందులో 5 శాతం అంటే 175 టన్నులు. మా సీమలో వేరుశనగ సాగు ఒకప్పటితో పోలిస్తే బాగా తగ్గింది. అలాంటి చోట ఈ గిరాకీ నిజంగా వచ్చిపడితే పొట్టు ధర ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. 2000 దశకం మొదట్లో ఊక, సర్కారు తుమ్మ నమ్ముకుని రాష్ట్రంలో వరుసగా వెలసిన చిన్న బయోమాస్ విద్యుత్ కేంద్రాల్లో చాలావాటిని దెబ్బతీసింది కూడా ఈ ముడిసరుకు ధరే.

మరో సంగతి పన్ను. బొగ్గు మీద 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలైన సెస్సు 2016 నాటికి 400 అయింది. దాని పేరు ఏదైనా, చిన్న బాయిలర్ యజమానికి తగిలిన కర్బన పన్ను అదొక్కటే. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పైకి చూస్తే భారం పెరిగినట్టుంటుంది. కానీ కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని అమ్మకాల పన్నులో ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు చేసుకునే పరిశ్రమకు, సర్దుబాటుకు వీలులేని ఆ 400 పోయాక బొగ్గు నిజానికి చవకైంది. 2022లో ప్రకటించిన జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం బ్రికెట్ యంత్రం పెట్టేవారికి గంటకు టన్ను సామర్థ్యానికి 9 లక్షల చొప్పున, గరిష్ఠంగా 45 లక్షల దాకా సాయం చూపింది. కొని కాల్చేవారికి మాత్రం అందులో ఏమీ లేదు. లక్ష్యానికి మించి ఉద్గారాలు తగ్గించినవారు క్రెడిట్లు అమ్ముకునేలా 2023లో వచ్చిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం లక్ష్యాలు సిమెంటు, అల్యూమినియం, కాగితం వంటి పెద్ద రంగాలతో మొదలయ్యాయి. గుజ్జు ఫ్యాక్టరీ బాయిలర్ ఆ జాబితాలో లేదు. కాబట్టి కార్బన్ క్రెడిట్లు వస్తాయని ఎవరైనా చెబితే ఆ ఆశతో బ్రికెట్లు కొనవద్దు. కర్బనం లెక్కలో సున్నా అయినా పొగలోని ధూళి సున్నా కాదు కనుక, దాన్ని పట్టే మల్టీ సైక్లోన్ పరికరం శుభ్రంగా లేకపోతే కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణాలు బొగ్గుకు లాగే వీటికీ తలనొప్పే.

మొత్తం మీద అయిదుకు మూడున్నర ఇస్తాను: వేడికి నాలుగు, నాణ్యతలో నిలకడకు రెండున్నర, సరఫరాకు సీజన్ మొదట్లో నాలుగు, చివర్లో మూడు. మా ఆవరణలోనే గుట్టలు పడే మామిడి టెంకలను ఎండబెట్టి కాల్చవచ్చని కొందరు సలహా ఇస్తుంటారు. జులై వానలో టన్నులకొద్దీ టెంకలు ఎండబెట్టే స్థలం చూపిస్తే వారికి ఋణపడి ఉంటాను. అంతవరకు బ్రికెట్లే కొంటాం. వచ్చే సీజన్ ఆర్డర్‌లో మాత్రం మూడు షరతులు రాయించాం: బూడిద ఆరు శాతం మించితే ధరలో కోత, కట్టె కలిపితే ముందుగా చెప్పి దాని శాతాన్ని బిల్లు మీద రాయడం, పొట్టు ఏ మిల్లు నుంచి వచ్చిందో ప్రతి లోడుతోపాటు చీటీ పంపడం. సరఫరాదారు మొదటి రెండింటికీ ఒప్పుకున్నారు, మూడోదాని మీద ఇంకా బేరం నడుస్తోంది.