ఖాజాగూడ గుట్టలు: పొద్దున్నే పైకి, ఎండెక్కాక గుహల్లోకి

డిసెంబర్‌లో ఒక ఆదివారం గుట్టలు ఎక్కుదామని అక్కా వాళ్లూ మేమూ అనుకున్నాం. బావ భువనగిరి అన్నారు. సికింద్రాబాద్ నుంచి రైలుంది, ఒకే బండ మీద 500 అడుగులకు పైన కోట, ఎక్కడానికి మెట్లున్నాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లాలంటే నేనూ అదే చెబుతాను. కానీ అక్క కూతురికి గుహలు కావాలి. అందుకని హైదరాబాద్‌లోని ఖాజాగూడ.

గుహలంటే బెలూం లాంటివి కావని దానికి ముందే చెప్పాను. బెలూంలో నీళ్లు సున్నపురాయిని కరిగించి సొరంగాలు చేశాయి. ఇక్కడిది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పగుళ్ల వెంట అరిగి అరిగి గుండ్లుగా విడిపోయింది. ఆ గుండ్ల కింద, వాటి మధ్య మిగిలిన సందులే ఈ గుహలు. లోపల నిలబడి తలెత్తితే, ఇంత బరువు ఏ ఆధారంతో ఆగిందా అనిపిస్తుంది.

నిరుడు ఫిబ్రవరిలో ఒక ట్రెక్కింగ్ గ్రూప్‌కు తలకు 600 కట్టి వెళ్లాను. ఆరింటికి రమ్మని, గైడ్ ఏడున్నరకు వచ్చాడు. ముప్పై మందికి అతనొక్కడే. సందులో ఇరుక్కుని నిలబడితే వెనకవాళ్లు తోస్తున్నారు. నిజంగా భయమేసింది. అందుకే ఈసారి ఐదుగురమే వెళ్లాం.

ఆరున్నరకు ఎక్కడం మొదలుపెట్టి, బండ వేడెక్కక ముందే పైన తిరిగేశాం. తొమ్మిది దాటాక గుహల్లోకి దిగాం. ఎండ మండుతున్నా లోపలి రాయి చల్లగా ఉంది. ఈ వరుస మార్చకండి. టార్చి తలకు కట్టుకునేదైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, అవి రెండూ కావాలి. పైన దుకాణం లేదు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. ముళ్లకు నిండు ప్యాంటు. వాన పడిన మర్నాడు మాత్రం వద్దు, బండ జారుతుంది. ఎక్కడం కంటే దిగడం కష్టం. అనుమానమొస్తే కూర్చుని జరగండి.

బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా దగ్గర చెప్పులు విడిచి, కాసేపు మౌనంగా కూర్చున్నాం. ఆ రోజంతటిలో నాకు బాగా నచ్చింది అదే.

బాధనిపించింది ఒక్కటే: గుండ్ల మీద రంగులతో రాసిన పేర్లు, సందుల్లో పగిలిన సీసాలు. 1996 నుంచి ఈ రాళ్ల కోసం పాటుపడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు రాక్ వాక్‌లు నడుపుతారు. మొదటిసారైతే వాళ్లతో వెళ్లండి. మేము దిగేటప్పుడు పాప ఒక సంచి నిండా ప్లాస్టిక్ ఏరింది. నేను ఒకే సంచి తీసుకెళ్లాను, వచ్చేసారి మూడు పెట్టుకుంటాను.