రిబ్బన్ మైకు, నాలుగేళ్ల వాడకం తర్వాత

నాదస్వరం రికార్డు చేసినవాళ్లకే తెలుసు ఆ బాధ. ఎదురుగా కూర్చుంటే తేనెలా వినిపించే తారస్థాయి, స్టూడియోల్లో మామూలుగా వాడే కండెన్సర్ మైకులోంచి వచ్చేసరికి చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. బీబీసీ ఇంజినీర్లు 1950లలో రూపొందించిన కోల్స్ 4038 అనే రిబ్బన్ మైకు, అంటే లోపలి పల్చటి లోహపు రేకు కదలికతో శబ్దాన్ని పట్టే మైకు మీద మనసు పడ్డాను. ధర చూసి వెనక్కి తగ్గి, చవకలో దొరికిన ఇంకో రిబ్బన్ మైకు కొన్నాను. మూడడుగుల దూరంలో పెట్టి తీసిన మొదటి టేకు వింటుంటే కళ్లు చెమర్చాయి. గదిలో విన్న నాదమే స్పీకర్లలో ఉంది. ఈక్వలైజర్ ముట్టుకోలేదు.

రెండో ఏడు జరిగింది చెప్పాలి. కేబుల్ కోసం నేను పక్క గదిలోకి వెళ్లాను. డోలు వాయించే పెద్దాయన, ఊళ్లో మైకుసెట్ల అలవాటు కొద్దీ, బెత్తెడు దూరం నుంచి "ఫూ... ఫూ... హలో" అన్నారు. తిరిగొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే శబ్దం సగమైంది, కింద గరగర. టార్చి వేసి జాలీలోంచి చూశాను. రెండు అయస్కాంతాల మధ్య బిగువుగా నిలబడాల్సిన అల్యూమినియం రేకు సాగిపోయి, ఒక పక్కకు ఆనుకుని ఉంది. దాని మందం రెండు మూడు మైక్రాన్లు. మన వెంట్రుకే అంతకు ఇరవై రెట్లుంటుంది. "అయ్యో బాబూ, పాడైపోయిందా?" అని ఆయన నా చేతులు పట్టుకున్నారు. ఆయన్నేమంటాం, ముందే చెప్పాల్సింది నేను. రేకు మార్పించుకునేసరికి మూడు నెలలు పట్టింది; ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం సార్" అనే జవాబే.

మొదట్లో తెలిసినవాళ్లందరికీ ఇదొక్కటి చాలన్నాను. వీణ రికార్డు చేసిన రోజు ఆ మాట తగ్గించుకున్నాను. దీని సిగ్నల్ చాలా తక్కువ. మైకును కంప్యూటర్‌కు కలిపే నా ఇంటర్‌ఫేసులో, సిగ్నల్ పెంచే గెయిన్ చివరిదాకా తిప్పితే మీటుకీ మీటుకీ మధ్య హిస్ అనే రొద. మధ్యలో చిన్న బూస్టర్ పెట్టాకే పని జరిగింది, అదో ఖర్చు. పైగా ముందు ఎంత వింటుందో వెనకా అంతే వింటుంది. చిన్న గదిలో వెనక గోడ ప్రతిధ్వని ఆపడానికి ఇంట్లో బొంత తెచ్చి వేలాడదీశాను. పక్కల నుంచి మాత్రం దాదాపు ఏమీ వినదు. డోలును అటు కూర్చోబెడితే నాదస్వరం శుభ్రంగా దొరుకుతుంది.

నా పని ఎక్కువగా మేళం, వయొలిన్. కాబట్టి ఇది పోయినా మళ్లీ కొంటాను. ఒక్క మైకే కొనగలిగినవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పలేను. ఫ్యాను ఆపలేని గదైతే వద్దు.

ఇప్పుడు టేకు మొదలయ్యేదాకా దానికి గుడ్డసంచి తొడిగే ఉంచుతాను. మొన్న సంచి తీయగానే కొత్త కుర్రాడొకడు ఊదబోతే, ఆ పెద్దాయనే చెయ్యి అడ్డం పెట్టారు.