అడవి హోటల్లో పుట్టినరోజు, అమ్మకి చీకట్లో భోజనం

వేసవి సెలవులకి ఒంగోలు నుంచి బెంగళూరులో తమ్ముడింటికి వెళ్లాం. బన్నేరుఘట్ట, లాల్‌బాగ్ హాయిగా తిరిగాం. నేను చెప్పాల్సింది మా చిన్నదాని ఏడో పుట్టినరోజుకి వెళ్లిన అడవి థీమ్ రెస్టారెంట్ సంగతి.

బఫే పెద్దవాళ్లకి 899, పిల్లలకి 549. లోపల రాళ్ల గోడలు, తీగలు, కరెంటు గొరిల్లా. పావుగంటకోసారి లైట్లు ఆర్పి ఉరుముల శబ్దం పెడతారు. పిల్లలిద్దరూ మొదటిసారి గంతులేశారు, రెండోసారికి చిన్నది నా చీర కొంగులో దూరింది. మా అమ్మ పూర్తి శాకాహారి. ఆ చీకట్లో ప్లేటులో ఉన్నది పనీరో చికెనో తెలియక, ఫోన్ టార్చి వేసి ఒక్కో ముక్కా తిప్పి చూసుకుంటూ, చివరికి అన్నీ పక్కకి నెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకైతే కడుపు తరుక్కుపోయింది. పెద్దవాళ్లని తీసుకొచ్చే చోట వెజ్, నాన్‌వెజ్ పక్కపక్కనే పెట్టి పేరు చీటీ కూడా కనపడనంత చీకటి చేస్తారా?

మా తెలుగు విని ఒక సర్వరు అబ్బాయి వచ్చాడు, శ్రీకాకుళం అట. "మీరు లేవకండమ్మా, నేను తెస్తాను" అని లోపల్నుంచి వేడన్నం, పెరుగు, నిమ్మకాయ పచ్చడి తెచ్చి, ఆమె తినేదాకా అటూ ఇటూ తిరుగుతూ కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ పూట అమ్మ తిన్నది అదే.

ఇక బిల్లు. భోజనాలు 3795, రెండు నీళ్ల సీసాలు 180, మేం అడక్కుండా తీసిన ఫొటోకి 300. దానిపైన 10 శాతం సర్వీస్ చార్జి, జీఎస్టీ 5 శాతం, మొత్తం 4938. సర్వీస్ చార్జి బిల్లులో దానంతటది వేయకూడదని 2022 జూలైలోనే సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఆ మాటే చెబితే మేనేజరు "ఇది మా పాలసీ మేడమ్" అన్నాడు. మావారు గొడవెందుకని లేవబోయారు, నేను లేవలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాక తీసేశాడు. దాని మీది జీఎస్టీతో కలిపి 449 తగ్గింది. అందులో 200 ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. మీరూ అడగండి, మొహమాటపడకండి. డబ్బు కట్టకముందే బిల్లు వరసగా చదవండి.

మర్నాడు పొద్దున్నే లాల్‌బాగ్ రోడ్డులో ఎమ్టీఆర్ అనే పాత టిఫిన్ హోటల్‌కి అందర్నీ తీసుకెళ్లాను. 1924 నాటిది, రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరకనప్పుడు రవ్వతో ఇడ్లీ చేసింది వీళ్లే అంటారు. క్యూలో నిలబడాల్సి వచ్చింది, పిల్లలు విసుక్కున్నారు. కానీ లోపల వెలుతురుంది, మాట వినిపిస్తుంది. వేడి రవ్వ ఇడ్లీ పక్కన చిన్న గిన్నెలో నెయ్యి. అమ్మ ఆ నెయ్యి మొత్తం వంచుకుని, "ఇంకొకటి చెప్పవే" అంది. తిరిగి వెళ్లేటప్పుడు రవ్వ ఇడ్లీ పొడి ప్యాకెట్లు మూడు కొనిపించింది.