ఏడాది పొడవునా ఒకే తీరం

సముద్రం ఫొటోలు అనగానే చాలామంది సూర్యోదయం దగ్గరే ఆగిపోతారు. దగ్గరలో ఉన్న తీరం వెంట ఏడాదంతా నడుస్తూ ఫొటోలు తీసేవారికి మాత్రం అసలు విషయం ఇసుకే. తుఫానుల కాలంలో పెద్ద కెరటాలు ఒడ్డును కోసుకుపోయి, ఆ ఇసుకను కొంత దూరాన నీటి అడుగున తిన్నెలుగా పోస్తాయి. సముద్రం శాంతించాక చిన్న అలలు దాన్నే కొద్దికొద్దిగా వెనక్కి తెస్తాయి. ఒకే చోట నిలబడి, ఒకే లెన్సుతో నెలనెలా తీసిన ఫొటోలను వరుసగా పెట్టి చూడండి. ఒక ఫొటోలో నెత్తి మాత్రమే కనిపించిన బండ, మరోదానిలో మొదలంటా బయటపడి ఉంటుంది. దాని కింది భాగం ఇసుక రాపిడికి నునుపెక్కి, నాచు లేకుండా పాలిపోయి కనిపిస్తుంది.

చోట్లలో నా ఓటు రాతి తీరానికే. ఆటు సమయంలో రాళ్ల మధ్య మిగిలిన నీటిగుంటల్లో పీతలు, నత్తలు దొరుకుతాయి. లెన్సు ముందు బిగించే పోలరైజింగ్ ఫిల్టరును తిప్పుతూ పోతే ఒక దగ్గర నీటి మీది తళుకు తగ్గి, గుంట అడుగున ఉన్న గులకరాళ్లు కూడా కనిపిస్తాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో అంతగా పోదు. చాలా తీరాల్లో ఆటుపోట్లు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే కిందటి వారం నడిచిన రాళ్లు ఈ వారం అదే వేళకు నీళ్లలో ఉండవచ్చు. ఆటుపోట్ల వేళల పట్టిక చూడకుండా బయలుదేరితే కాళ్లనొప్పులే మిగులుతాయి. పట్టిక చూసినా సరే, రాళ్ల మీదికి దిగే ముందు పావుగంట అలలను గమనించాలి. పెద్దవి గుంపుగా, ఆగి ఆగి వస్తాయి.

ఇసుక తీరం మధ్యాహ్నం దండగ. ఎండ వాలినప్పుడే అలలు గీసిన మడతలు నీడలతో తేలతాయి. నదీముఖంలో పక్షులు బాగుంటాయి కానీ బురద నమ్మదగినది కాదు. రేవు ఏ వాతావరణంలోనైనా నిరాశపరచదు, అంతే.

అర సెకను షట్టరుతో వెనక్కి జారే నీటి చారలు నిలుస్తాయి. 30 సెకన్లు తెరిచి సముద్రాన్ని పొగమంచులా మార్చే పద్ధతి నాకు నచ్చదు. అలలు లేని సముద్రం ఎందుకు?

బస విషయానికొస్తే, సముద్రం కనిపించే గదికి ఎక్కువ అద్దె కట్టడం అనవసరం. కిటికీ అద్దానికి పట్టిన ఉప్పు పొర గుండా ఒక్క మంచి ఫొటో రాదు. ఒక బసలో గది ముచ్చటగా ఉంది, గేటు మాత్రం సూర్యుడు పైకొచ్చాకే తీశారు. ఉప్పునీట దిగిన ట్రైపాడ్ కాళ్లను ఆ రోజే మంచినీటితో కడగాలి కూడా. అందుకే గది తీసుకునే ముందు అడిగేవి రెండే: తెల్లవారకముందే గేటు తీస్తారా, బయట కుళాయి ఉందా?