ఆయిల్ కూలర్ చెడితే: తీసేయడం మేలా, మార్చడం మేలా?

కూలెంట్ డబ్బా మూత తిప్పితే ఆకుపచ్చ నీళ్లు కనిపించాలి. మా డీజిల్ కారులో పాలెక్కువైన కాఫీ రంగులో జిగట మీగడ కనిపించింది. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్లుగా మా బండ్లు చూసే పెద్దాయన దాన్ని చూపుడు వేలికి రాసుకుని, బొటనవేలితో నలిపి తేల్చేశాడు: “ఆయిల్ కూలర్ పోయింది బాబూ. కొత్తది ఎందుకు, తీసేసి ప్లేటు వేసేద్దాం. మళ్లీ జన్మలో ఆయిలూ నీళ్లూ కలవవు.”

ఆ చివరి మాట కూలర్ వరకు నిజమే. కూలరే లేకపోతే అది కారే ప్రసక్తే లేదు. కానీ అది పన్ను నొప్పికి పన్ను పీకించుకోవడం వంటి వైద్యం. పీకించుకున్న పన్ను ఏదన్నదే చూసుకోవాలి.

కంపెనీ వేసే కూలర్ ఇంతా చేసి అరచేతిలో పట్టే అల్యూమినియం పలకల దొంతర. ఒక సందులో ఇంజిన్ ఆయిల్, పక్క సందులో కూలెంట్ పోతుంటాయి. రెంటికీ మధ్య పలుచని రేకు, అంచుల్లో రబ్బరు సీళ్లు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి మూడు నాలుగు బార్ల దాకా ఉంటుంది, కూలెంట్‌ది ఒకటి, ఒకటిన్నర. అందుకే సీలు పోతే ముందు ఆయిలే నీళ్లలోకి వస్తుంది. ఇంజిన్ ఆపాక కథ తిరగబడుతుంది. ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడిపోతుంది, వేడి కూలెంట్ మాత్రం ఇంకా ఒత్తిడితోనే ఉంటుంది. అప్పుడు నీళ్లు ఆయిల్‌లోకి దారి చూసుకుంటాయి. మొదటిది రోత, రెండోది బేరింగులకు చావు. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా మీగడ కనిపిస్తే ఆ బండిని షెడ్డు దాకా నడిపించకండి, కట్టి లాగించండి.

పేరు కూలరే గాని, పొద్దున్నే అది చేసేది వేడిచేసే పని. నీళ్లు తొందరగా వేడెక్కుతాయి, ఆయిల్ నిదానం. ఈ పలకల గుండా నీళ్ల వేడి ఆయిల్‌కు అందుతుంది. తర్వాత హైవే మీద ఆయిల్ వేడి పెరిగినప్పుడు ఆ వేడిని నీళ్లలోకి తోసి, అక్కడి నుంచి రేడియేటర్‌కు పంపుతుంది. అంటే ఆయిల్ ఎప్పుడూ నీళ్ల వేడికి కాస్త అటూ ఇటూగా ఉండేలా కట్టిపడేసిన తాడు ఇది. కూలర్ తీసేస్తే తెగేది ఆ తాడే.

పెద్దాయన చూపించిన ప్లేటు చేతి పనితనంలో ముచ్చటైనదే. లేత్ మీద కోసిన అల్యూమినియం ముక్క, వెనకవైపు వేలి వెడల్పు గాడి. కూలర్‌లోకి ఆయిల్ వెళ్లే రంధ్రం నుంచి తిరిగొచ్చే రంధ్రం దాకా ఆ గాడే వంతెన. నీళ్ల పైపులు రెంటినీ ఒక ఇత్తడి ముక్కతో కలిపి క్లిప్పులు బిగిస్తారు. ఆ గాడి లేకుండా రెండు రంధ్రాలనూ మూసేసిన ప్లేట్లు కూడా కొన్ని షెడ్లలో వేస్తారు. ఆయిల్ దారి కూలర్ గుండానే పోయే ఇంజిన్‌లో అలా మూస్తే బేరింగులకు ఆయిల్ ఆగిపోతుంది. తీయించాలనే నిశ్చయించుకుంటే, బిగించే ముందు ప్లేటు తిప్పి వెనక్కి చూడండి. చూడటానికి డబ్బేమీ అడగరు.

కూలర్ తీయించినవాళ్లంతా ఒకటే చెబుతారు: “ఆరు నెలలైంది, టెంపరేచర్ సూది కదల్లేదు.” నిజంగానే కదలదు, ఎందుకంటే ఆ సూది చూపేది నీళ్ల వేడిని, ఆయిల్ వేడిని కాదు. పైగా ఆయిల్ తన వేడిని నీళ్లకు ఇవ్వడం మానేసింది గనుక రేడియేటర్ మీద భారం తగ్గుతుంది, సూది మునుపటికంటే బుద్ధిగా ఉన్నా ఉంటుంది. లోపల ఆయిల్ ఎంత కాగుతోందో చెప్పే మీటరు మన మామూలు కార్లలో చాలావాటికి లేదు. సూది సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

ఆయిల్ వంద డిగ్రీల చుట్టుపక్కల ఉంటే హాయిగా పనిచేస్తుంది. చేరిన తడి ఆవిరైపోతుంది, పలుచబడదు. నూట ముప్పై దాటి గంటల తరబడి నడిస్తే చప్పున ముసలిదవుతుంది. పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయిల్ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా, ఉన్న డీజిల్‌లో ఈ ఆయిల్ మీద పడే పని తక్కువది కాదు. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ ఆయిల్ పొర మీదే తేలుతుంది. చాలా టర్బో డీజిళ్లలో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరిచే జెట్లు కూడా ఉంటాయి. మే నెల మధ్యాహ్నం ఐదుగురు కూర్చుని, ఏసీ వేసుకుని హైదరాబాద్ రోడ్డు మీద వందలో పోతుంటే ఆ వేడి ఎక్కడికి పోవాలి? ఆయిల్ పాన్ కింద కొట్టే గాలి ఒక్కటే మిగులుతుంది, ఆ గాలీ వడగాలే.

2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మొదలై మన రోడ్ల మీద లక్షల్లో తిరిగిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్‌నే తీసుకోండి. అందులో ఫిల్టర్ గూటికే కూలర్ బిగించి ఉంటుంది. అంత చిన్న ఇంజిన్ నుంచి 190 న్యూటన్ మీటర్ల బలం లాగుతూ, మూడు లీటర్ల చిల్లర ఆయిల్‌తో నెట్టుకొస్తున్నప్పుడు కూలర్‌ను అలంకారం అనుకోలేం.

ఇక తీసేసినా తప్పు పట్టలేని చోటు ఒకటుంది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్లు, ముఖ్యంగా కొన్ని పాత హోండాల వంటి జపాన్ కార్లు. వాటిలో కూలర్ గుండ్రటి బిళ్లలా ఫిల్టర్‌కూ బ్లాక్‌కూ మధ్య కూర్చుంటుంది, బోలు బోల్టు దాన్ని పట్టుకుంటుంది. బిళ్ల తీసి పొట్టి బోల్టు వేసి ఫిల్టర్‌ను నేరుగా బ్లాక్‌కే బిగించవచ్చు. అదే కుటుంబపు ఇంజిన్‌ను కూలర్ లేకుండా కంపెనీయే అమ్మి ఉంటే ఇంకేం భయం? రోజూ ఊళ్లో మెల్లగా తిరిగే బండైతే నేనూ అభ్యంతరం చెప్పను. చలిదేశాల్లో ఉన్నవాళ్లకు మాత్రం అక్కడా తిరకాసే. సున్నాకు దిగువన ఉదయాలు ఉండే చోట ఆయిల్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు తడి, పెట్రోలు అందులోనే మిగిలిపోతాయి.

రెండో దారి బాగుచేయడం. దీనికి ముందు పరీక్ష కావాలి. మేం చేసింది ఇది: కూలర్ విప్పి, ఆయిల్ దారి ఒకవైపు మూసి, రెండో వైపు నుంచి కంప్రెసర్ గాలి పెట్టి బకెట్ నీళ్లలో ముంచాం. ఒక్క బుడగ లేదు. “చూశావా బాబాయ్, కూలర్ బాగానే ఉంది” అన్నాను. ఆయన మాట్లాడకుండా టీ కొట్టు నుంచి మరిగే నీళ్లు తెప్పించి బకెట్‌లో పోశాడు. నిమిషం తర్వాత పలకల మూల నుంచి దారంలా బుడగలు మొదలయ్యాయి. వేడికి లోహం సాగితే తప్ప తెరుచుకోని పగులు అది. చల్లటి పరీక్షను నమ్మి, తప్పు ఇంజిన్ హెడ్ గాస్కెట్‌దే అనుకుని హెడ్ విప్పించేవాళ్లు ఎందరున్నారో!

పోయింది సీళ్లే అయితే బాగుచేయడమే అన్నిటికంటే చవక, వందల్లో తేలుతుంది. పలకల్లోనే పగులు ఉంటే అతికించే ప్రయత్నం వద్దు. ఆ సన్నని సందుల్లో వెల్డింగ్ నిలవదు.

మూడోది కొత్త కూలర్. వేలల్లో ఖర్చు, బాధ అక్కడితో సరి. అసలు ఖర్చు శుభ్రం చేయడంలో ఉంది, అది ఏ దారి పట్టినా తప్పదు. ఆయిల్ కలిసిన నీళ్లను ఒకసారి దింపితే పోదు. మాకు నాలుగుసార్లు నింపి, ఇంజిన్ వేడెక్కించి, దింపితే గాని నీళ్లు తేటపడలేదు. ఆయిల్ పీల్చి ఉబ్బిన రబ్బరు పైపులు కూడా మార్చాం. ప్లేటు వేస్తే ఇదంతా తప్పుతుందనుకోవడం భ్రమ. మీగడ రేడియేటర్ గొట్టాల్లో ఉంది, కూలర్‌లో కాదు.

నాలుగోది, నీళ్లతో సంబంధం లేకుండా ముందు గ్రిల్ వెనక చిన్న రేడియేటర్‌లా పెట్టే గాలి కూలర్. రేసు బండ్లకు బాగుంటుంది. మామూలు కారులో ముందే ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్, రేడియేటర్ గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆయిల్ వేడెక్కేదాకా దాన్ని కూలర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ లేకుండా పెడితే చలికాలం ఆయిల్ వేడెక్కనే వేడెక్కదు. రోడ్డు మీది రాయి తగిలి పైపు చిట్లితే ఆయిలంతా రోడ్డు పాలవడానికి ఎంతోసేపు పట్టదు. నేను పెట్టను.

మా బండికి కొత్త కూలరే వేయించాను. అది దొరకడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ పెద్దాయన ప్లేటే ఆదుకుంది. ఊళ్లోనే, వేగం ఎనభై దాటకుండా తిరిగాం. అలాంటి తాత్కాలిక అవసరానికీ, ఏడాదిలో తుక్కుకు పోయే బండికీ ప్లేటు తప్పు కాదు.

పాత డీజిల్ కారు కొనేవాళ్లు బానెట్ ఎత్తినప్పుడు ఆయిల్ ఫిల్టర్ గూడు దగ్గరికి టార్చి పట్టి చూడండి. కంపెనీ గుర్తు లేని మెరిసే ప్లేటు, దాని పక్కన వంపు తిప్పి ఇత్తడి ముక్కతో కలిపిన రెండు పైపులు కనిపిస్తే, ఆ కూలర్ ఎప్పుడు తీశారో, ఆ తర్వాత ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చారో అడగండి. జవాబు తడబడితే కొత్త కూలర్, కొత్త టర్బో ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.