ఇంజిన్‌కి గొట్టం తాళం: ఏడాది వాడాక

ఉప్పాడ నుంచి నిజాంపట్నం వేటకి పడవ వెనక బిగించే ఇంజిన్, వలలు వ్యాన్‌లో వేసుకుని వెళ్ళేటప్పుడు దారిలో టీకి దిగినా మనసంతా వెనకే ఉండేది, పోయినేడు మా వాళ్ళ జీపీఎస్ అలాగే మాయమైంది మరి. అందుకే ఈ స్టీలు గొట్టం తాళం కొన్నా. ఇంజిన్‌ని బిగించే రెండు మరల పిడుల్నీ కలిపి కప్పేస్తుంది, తాళం తీస్తే తప్ప విప్పలేరు. వ్యాన్‌లో అడ్డంగా కట్టిన దుంగకి ఇంజిన్‌ని నిలబెట్టి బిగించి ఇది తొడుగుతాను. టెన్షన్ చాలా తగ్గింది.

కానీ స్టెయిన్‌లెస్ అని అమ్మారు గానీ, ఉప్పుగాలికి రెండు నెలల్లోనే తాళంచెవి కన్నం బిగుసుకుపోయింది! ఇప్పుడు గ్రీజు రాసి, ప్లాస్టిక్ కవరు చుడుతున్నా. కుదుపులకి ఇదేం చేయదు, కింద పాత టైరు వేయాల్సిందే. జీపీఎస్, ఫిష్ ఫైండర్ (చేపల జాడ చూపే పరికరం) మాత్రం విప్పి ఒళ్ళోనే పెట్టుకుంటా. అయిదుకి మూడున్నర మార్కులు.