కళాశాల మ్యువాన్ కౌంటర్‌కు గాజు గొట్టమా, సిలికాన్ చిప్పా: ఏది మేలు?

హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో మ్యువాన్ల (కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టి నేలకు చేరే కణాల) కౌంటర్ కట్టదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది, సింటిలేటర్ పలకలో (కణం దూసుకుపోతే మెరిసే ప్లాస్టిక్ పలకలో) పుట్టే మసక వెలుగును ఫొటోమల్టిప్లయర్ ట్యూబుతో (వెలుగును విద్యుత్ పల్సుగా మార్చి పెంచే గాజు గొట్టంతో) చదవాలా, అదే పని చేసే చిప్పు అయిన సిలికాన్ ఫొటోమల్టిప్లయర్‌తో చదవాలా అన్నది. నేల మీద పరచిన పలకలో ప్రతి చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యువాన్ పడుతుంది; అంటే 20 సెంటీమీటర్ల చదరపు పలక గుండా సెకనుకు ఆరేడు మాత్రమే పోతాయి. ఈ కొద్దిపాటి సంఖ్యను మ్యువాన్ లేకుండానే పుట్టే దొంగ పల్సుల గుంపులోంచి ఏరుకోవడంలోనే రెండింటి బలాబలాలు బయటపడతాయి.

ట్యూబు పాతకాపు. వెలుగు తగిలిన ఫొటోకాథోడ్ పూత నుంచి వెలువడిన ఒక్క ఎలక్ట్రాన్ డైనోడ్ల (ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచే లోహపు పలకల) మెట్లు దిగేసరికి పది లక్షల రెట్లు, ఒక్కోసారి అంతకు మించి పెరుగుతుంది కాబట్టి, దాని పల్సును చాలా సందర్భాలలో యాంప్లిఫయరు లేకుండానే 50 ఓమ్‌ల కేబులు ద్వారా డిస్క్రిమినేటర్‌కు (నిర్ణీత ఎత్తు దాటిన పల్సులనే లెక్కలోకి తీసుకునే సర్క్యూటుకు) పంపవచ్చు. దానికి కావలసిన 1000 నుంచి 2000 వోల్టుల సరఫరాయే అసలు చిక్కు. పది డైనోడ్ల ట్యూబులో గెయిన్ (పల్సు పెరిగే రెట్లు) దాదాపుగా వోల్టేజి ఏడో ఘాతంతో మారుతుంది గనుక, సరఫరా 1 శాతం ఊగితే గెయిన్ 7 శాతం ఊగుతుంది. పైగా విద్యార్థులు చేతులు పెట్టే బల్ల మీద అంత వోల్టేజి ఉండడం, సరఫరా ఉండగానే ఎవరో నల్లగుడ్డ తొలగిస్తే గది వెలుగుకే ట్యూబు పాడయ్యే ప్రమాదం ఉండడం, నన్ను ఎప్పుడూ జంకించే విషయాలు.

సిలికాన్ చిప్పుకు 30 నుంచి 60 వోల్టులు చాలు. ట్యూబులా కాక, అయస్కాంత క్షేత్రానికి అది చలించదు. జెనీవా దగ్గరి కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో, 3.8 టెస్లాల అయస్కాంతం లోపలా, దాని చుట్టూ ఉన్న హాడ్రాన్ కెలోరీమీటరు (కణాల శక్తిని కొలిచే పరికరం) భాగాలు హైబ్రిడ్ ఫొటోడయోడ్లనే పాత కాంతి గ్రాహకాలను వదిలి సిలికాన్‌కు మారాయి. అదే ప్రయోగపు ముందుభాగపు కెలోరీమీటరు మాత్రం ట్యూబులతోనే నడుస్తోంది. కాబట్టి పెద్ద ప్రయోగాలను చూసి ఒకదానికే ఓటు వేయలేము.

చిప్పు లోపం డార్క్ కౌంట్, అంటే వెలుగు లేకుండానే పుట్టే పల్సుల సంఖ్య. చదరపు మిల్లీమీటరుకు సెకనుకు 50,000 చొప్పున చూసినా, 6 మిల్లీమీటర్ల చదరపు చిప్పు చీకట్లో కూడా సెకనుకు 18 లక్షల పల్సులిస్తుంది. అయితే ఇవి చాలావరకు ఒక్క ఫోటాన్ ఎత్తువే. ఒక సెంటీమీటరు మందం పలకలో మ్యువాన్ సుమారు 20,000 ఫోటాన్లను పుట్టిస్తుంది. అందులో కొద్ది భాగమే చిప్పును చేరినా, త్రెషోల్డును (లెక్కలోకి రావడానికి పల్సు దాటవలసిన ఎత్తును) అయిదారు ఫోటాన్ల ఎత్తుకు పెంచడానికి వీలుంటుంది. అలా ఒక్కో చిప్పు రేటును సెకనుకు 1,000కి దించి, రెండు పలకలను 100 నానోసెకన్ల కోయిన్సిడెన్స్‌లో పెడితే (ఆ వ్యవధిలో రెండూ పల్సు ఇస్తేనే లెక్కిస్తే), యాదృచ్ఛికంగా కలిసేవి సెకనుకు 0.2 మాత్రమే. మూడో పలక చేరితే ఆ బెడద దాదాపు పోతుంది.

హైదరాబాద్‌లో నేను భయపడేది ఉష్ణోగ్రతకు. కొన్ని చిప్పుల బ్రేక్‌డౌన్ వోల్టేజి (చిప్పు పల్సులివ్వడం మొదలుపెట్టే వోల్టేజి) డిగ్రీకి 54 మిల్లీవోల్టులు పెరుగుతుంది. జనవరి ఉదయం 15 డిగ్రీల వద్ద 3 వోల్టుల ఓవర్‌వోల్టేజితో (దానికి పైన ఇచ్చే అదనపు వోల్టేజితో) సర్దిన పెట్టె, ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలకు చేరితే, 1.35 వోల్టులు కోల్పోయి గెయిన్‌ను సగానికి దగ్గరగా పోగొట్టుకుంటుంది. డార్క్ కౌంట్ మాత్రం ఆ వేడికి పెరుగుతూనే ఉంటుంది. ఈ విషయంలో ట్యూబు చాలా స్థిరం.

అయినా నా ఎంపిక చిప్పే, ఎందుకంటే ఈ రోగానికి మందు చవక: చిప్పు పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సరు, దాని ప్రకారం బయాస్‌ను (చిప్పుకిచ్చే వోల్టేజిని) సవరించే చిన్న బోర్డు. ఆ బోర్డుకు కావలసిన రెసిస్టర్లు, కెపాసిటర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కాంతి దూరం నుంచి వచ్చి విశాలంగా పరచుకునే నీటి ట్యాంకు డిటెక్టరు (పలకకు బదులు నీటిలో పుట్టే వెలుగును చదివేది) కట్టేవారికి మాత్రం నేను ట్యూబే సూచిస్తాను. అంత వైశాల్యాన్ని చిప్పులతో కప్పితే ఖర్చూ, డార్క్ కౌంటూ రెండూ భరించలేనివవుతాయి.